అమ్మ పట్టుచీర మూట

మొన్న ఒక పొద్దున కుప్పంలో మా వీధిలోకి ఆటో ఒకటి వచ్చింది. పాత పట్టుచీరలు కొంటాం, చినిగినా పర్వాలేదు, కాలినా పర్వాలేదు అని దాని నెత్తిన కట్టిన మైకు అరుస్తుంటే మా కోడలు చేతిలో పని వదిలేసి బీరువా దగ్గరికి పరుగెత్తింది. మీ పెళ్ళిచీర కూడా ఇచ్చేద్దామా అత్తా అని ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. నాకు మాత్రం మా అమ్మ పెళ్ళిచీర గుర్తొచ్చింది.

ఇప్పటి పిల్లలకు చీరంటే ఒక పెళ్ళికి కట్టి, ఫొటోలో పడ్డాక మళ్ళీ కట్టడానికి సిగ్గుపడే వస్తువు. ఇంటికంతా ఒక్కటే పట్టుచీర ఉన్న కాలంలో పెరిగిన మనకు మాత్రం తెలుసు, అది ఇంట్లో మనిషితో సమానం. మా అమ్మ పెళ్ళిచీర అలాంటిది. మామిడిపండు రంగు ఒళ్ళు, వక్కరంగు అంచు, దాని మీద జానెడు జరీ. అది కట్టిన రోజున అమ్మ అక్కనూ నన్నూ దగ్గరికి రానిచ్చేది కాదు, ముక్కు తుడిచేస్తామని భయం. అయినా వెనకనుంచి వెళ్ళి ఆ కొంగుకు చెంప ఆనించి పారిపోయేవాళ్ళం.

తొంభైల మొదట్లో అమ్మ పోయింది. ఆమె కట్టి విడిచిన చీరలన్నీ ఆచారం ప్రకారం చాకలికి ఇచ్చేశాం. పట్టుచీర ఒక్కటి మాత్రం మిగిలింది. దాన్ని ముక్కలు చేయవద్దనీ, ఇద్దరూ ఏడాదికొకరుగా ఉంచుకోమనీ ఆమె ముందే మా చేత ఒట్టు వేయించుకుంది. అక్కది మదనపల్లె, నాది కుప్పం. ఏటా ఆషాఢంలో అమ్మ సంవత్సరీకానికి పుంగనూరులో తమ్ముడి ఇంట్లో కలిసినప్పుడు చీర చేతులు మారేది. నాన్న పాత పంచెలో చుట్టి, వట్టివేళ్ళు పెట్టి, మూట కట్టి ఇచ్చుకునేవాళ్ళం. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు తలకు పోసుకున్నాకే విప్పాలని మాకు మేమే ఒక నియమం పెట్టుకున్నాం. మా ఆయన నవ్వేవాడు, మీ అక్కాచెల్లెళ్ళు అమ్మవారి ఉత్సవ విగ్రహాన్ని తిప్పినట్టు తిప్పుతున్నారని. తిప్పితే తిప్పాం, ఆయన సొమ్మేం పోయింది!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఏడు నా వంతు వచ్చింది. అక్క మూట నా చేతిలో పెట్టి, జాగ్రత్తగా తీసుకుపొమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పలమనేరులో బస్సు మారేటప్పుడు కూడా దాన్ని కింద పెట్టలేదు, ఎవరో సీటు కోసం తోసుకుంటే మూటను గుండెకు హత్తుకుని నిలబడ్డాను. వ్రతం నాడు వాకిట్లో ముగ్గు పెట్టి, తలకు పోసుకుని, కలశానికి దండం పెట్టి మూట విప్పాను. పంచె అదే. వట్టివేళ్ళ వాసన అదే. లోపల చీర మాత్రం ఎవరిదో కొత్తది, పసుపుపచ్చది, చుట్టాలకు పెట్టే రకం పెట్టుడు చీర. అంగట్లో వేసిన మడతలు ఇంకా విడలేదు. ముందు పొరపాటేమో అనుకున్నాను. ఆశ చూడండి!

మర్నాడే మదనపల్లె బస్సెక్కాను. అక్క ఇంటి గడపలో అడుగు పెట్టేసరికి తన కూతురు కొత్త వెండి గజ్జెలతో ఘల్లుఘల్లుమంటూ ఎదురొచ్చింది. అడగాల్సిన పని లేకపోయింది. జరీచీరలు కొని, కాల్చి, వెండి తీసేవాళ్ళు వచ్చారట. చీరకు బదులు వెండి తీసుకుందట.

"మడతల కాడ పిగిలిపోయిండాది లేమ్మా, ఇంగెన్నాళ్ళు పెట్టుకుంటాం? అమ్మ వెండి యాడికీ పోలేదు, బిడ్డ కాళ్ళకే ఉండాది. నీకు కొత్త చీర పెట్టినా గదా, యాల ఏడుస్తాండావు?" అంది అక్క.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగిపోయింది. అమ్మ చీరను మంటలో వేశారన్న దుఃఖం ఒక ఎత్తు. ఆ సంగతి మనసులో పెట్టుకునే, నాన్న పంచెలో వేరే చీర చుట్టి, వట్టివేళ్ళు కూడా మరిచిపోకుండా పెట్టి, జాగ్రత్త అని చెప్పి నన్ను బస్సెక్కించడం ఇంకొక ఎత్తు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు నా తోడబుట్టినదే నేర్పింది. చిరిగిపోయింది, ఏం చేద్దామని ఒక్క మాట అడిగి ఉంటే బహుశా నేనే ఇచ్చేయమనేదాన్నేమో. అది కూడా నిజమో కాదో ఇప్పుడు చెప్పలేను. ఆ గజ్జెలు కూడా నిలవలేదు. ఆ పిల్ల పెళ్ళప్పుడు వాటిని మార్చి కొత్త మోడల్ పట్టీలు తీసుకున్నారని తమ్ముడి భార్య చెప్పింది.

మొన్న కోడలు తీసుకెళ్ళి చూపిస్తే, ఆటో అతను నా పెళ్ళిచీర అంచులోంచి ఒక పోగు లాగి రాతి మీద గీశాడు. గీత ఎర్రగా పడింది. "రాగి జరీమ్మా ఇది, మాకొద్దు, మీరే పెట్టుకోండి" అని చీర తిరిగి చేతిలో పెట్టాడు. నాన్న తెలిసి కొన్నాడో, నమ్మి మోసపోయాడో, అడగడానికి ఆయనా లేడు. అమ్మ చీర అసలు జరీదైనందుకు కాలిపోయింది, నాది ఎవరికీ అక్కర్లేక మిగిలింది. కోడలు నొచ్చుకుంది గానీ, నేను మాత్రం దాన్ని నాన్న పంచెలోనే చుట్టి లోపల పెట్టాను.

అక్కా నేనూ ఇప్పటికీ ఏటా పుంగనూరులో కలుస్తాం. పక్కపక్కన కూర్చుని తింటాం, మోకాళ్ళ నొప్పుల గురించి, మనవల చదువుల గురించి మాట్లాడుకుంటాం, చీర ఊసు ఎత్తం. ఈసారి ఈ మూట అక్క చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా బస్సెక్కేయాలని ఒక బుద్ధి పుడుతోంది. కానీ అక్క అప్పటి నాలాగా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరిదాకా మోసుకుపోదు, నా ఎదుటే విప్పి చూస్తుంది. ఇప్పుడైతే నేనూ అంతే.