గద్ద కంటికి నేను చేసిన బాగు

నేను చేసిన ఘనకార్యాల్లో ప్రాణనష్టం జరగనిది ఇదొక్కటే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఎక్కడో కోటికొకరికి కనపడే పక్షి నాకు కనపడింది. ఫోటో తీశాను. ఆ ఫోటోని నా చేతులారా తగలబెట్టాను. అగ్గిపుల్ల కూడా అవసరం లేకపోయింది, మౌస్ సరిపోయింది. నిదానంగా వినండి, నాకేం తొందర లేదు. ఆ రోజు నుంచి దేనికీ తొందర లేదు.

డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే ఏలూరులో దిగుతున్న రోజులు. మా మామూ ఫోటో స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తియ్యడం, తీసినవి కంప్యూటర్లో బాగుచెయ్యడం నా ఉద్యోగం. బాగుచెయ్యడమంటే మరేం లేదండీ, మొహాలు తెల్లగా చెయ్యాలి, కళ్ళు నల్లగా చెయ్యాలి. ఫ్లాష్ కొడితే చాలు, పెళ్ళికొడుకు మొదలు పురోహితుడి దాకా అందరి కళ్ళూ చింతనిప్పుల్లా వచ్చేవి. ఒక్కొక్క కన్నూ పట్టుకుని నల్లచుక్క దిద్దాలి. సీజన్ ముగిసేసరికి అన్నం కలుపుతుంటే కూడా నా చూపుడువేలు టిక్కు టిక్కుమని కొట్టుకునేది.

అలాంటి సీజన్లో తాడేపల్లిగూడెం నుంచి సుబ్బారాయుడు మాస్టారు ఫోన్ చేశారు. ఇంటర్లో నాకు జువాలజీ చెప్పినాయన. నాకు రాలేదనుకోండి, అందులో ఆయన తప్పేం లేదు.

"బాషా, కొల్లేటి గట్టున తెల్ల గద్ద తిరుగుతోందటోయ్!"

"కొంగేమోనండి మాస్టారూ. కొల్లేట్లో తెల్లగా ఏదున్నా కొంగేనండి."

"కొంగకి వంకర ముక్కుంటుందా? ఇందుకే కాదూ నువ్వు తప్పిందీ! మామూలు గద్ద గోధుమరంగులో ఉంటుంది. ఎప్పుడో ఒకదానికి ఈకలు తెల్లబడతాయి. కళ్ళు మామూలుగానే ఉంటే రంగు తగ్గిందనుకోవాలి. కళ్ళు కూడా ఎర్రగా ఉంటే, ఒంట్లో రంగన్నదే లేదన్నమాట. ఆల్బినో! దానికి చూపు ఆనదు, వేట కుదరదు, గూట్లోనే పోతుంది. అలాంటిది పెద్దదై ఎగురుతోందంటే, పక్షుల పత్రికలో వెయ్యాల్సిన సంగతి. వాళ్ళకి ఉత్తరం రాశాను. కన్ను స్పష్టంగా కనపడే ఫోటో పంపమన్నారు. నాకు కన్ను కావాలోయ్."

నలభై ఏళ్ళు పాఠం చెప్పి, ఒక్కసారి కూడా చూడని పక్షి. తీరా అది వచ్చేసరికి ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఇద్దరం కలిసి చేపల చెరువు గట్టెక్కాం. ఎండ నెత్తిమీద కూర్చుంది, బురద చెప్పులు పట్టుకుని వదల్లేదు. ఆ చెరువు చూసుకునే నాంచారమ్మ గారు ఎదురొచ్చింది.

"మా తెల్లదొర కోసమా అండి? అదిగోనండి, కర్ర మీద."

మాస్టారు రెండు చేతులూ జోడించి, "ఎంత తెల్లగా ఉందోయ్!" అన్నారు.

"మాస్టారూ, అది తవుడు బస్తా అండి. పక్షి ఇటుంది."

నిజంగానే ఉందండీ. ముక్కు నుంచి తోక దాకా తెలుపు. చాకింటి నుంచి అప్పుడే వచ్చిన గద్దలా ఉంది.

"పాపం దీనికి చూపు ఆనదండి," అంది నాంచారమ్మ గారు. "చేపనుకుని వల బెండు మీద దూకుద్ది. చూళ్ళేక నేనే ఓ చచ్చిన చేప గట్టు మీద పడేత్తానండి."

"విన్నావా, చూపు ఆనదట! కళ్ళు ఏ రంగోయ్?"

"తెరిచే ఉన్నాయండి."

తప్పుగా అనుకోకండి. పెళ్ళి ఫోటోగ్రాఫర్ని. కళ్ళు మూశారా తెరిచారా అని చూస్తాం గాని, రంగెవడు చూస్తాడు? ఆవిడ వేసిన చేప కోసం గద్ద పది అడుగుల దూరంలో వాలింది. నాలుగు ఫోటోలు తీశాను. ఒక దాంట్లో అది నేరుగా నావైపే చూసింది.

మర్నాడు పొద్దున అత్తిలిలో పెళ్ళి, కెమెరాలో అదే మెమరీ కార్డు. మధ్యాహ్నం వచ్చి కంప్యూటర్ ముందు కూలబడి, చివరి ఫోటో నుంచి వెనక్కి మొదలుపెట్టాను. పెళ్ళికొడుకు కళ్ళు, టిక్కు. పెళ్ళికూతురి కళ్ళు, టిక్కు. మేనమామ కళ్ళు, టిక్కు. తర్వాత మొహం ఎంతో తెల్లగా వచ్చింది, దానికి పని లేదని సంతోషించాను. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. టిక్కు. సేవ్. మిగతా మూడింట్లో వీపే కనపడుతోందని తీసేశాను. సాయంత్రం మామూ ఆ కార్డు తుడిచేసి దెందులూరు పెళ్ళికి పట్టుకెళ్ళాడు.

నేను మాత్రం పెద్ద సైజు ప్రింటు వేయించి గూడెం పట్టుకెళ్ళాను. మాస్టారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి, భూతద్దం ఆనించి, చాలాసేపు చూశారు.

"కన్ను నల్లగా ఉందేమిటోయ్?" నీరసంగా అడిగారు. "అయితే ఆల్బినో కాదన్నమాట."

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"ఎందుక్కాదండీ? ఎర్రగానే ఉంటే నేనే బాగుచేశానండి!"

భూతద్దం కిందకి దిగింది. ఆయన భార్య కాఫీ తెస్తూ గుమ్మంలో ఆగి, "పాపం కుర్రాడు ఊరికే చేసిపెట్టాడు కదండీ," అన్నారు.

"అవునవును," అన్నారు మాస్టారు. "ఎక్కడా అతుకు కూడా తెలియడం లేదు."

తిట్టినా బాగుండేది.

"రెండు నిమిషాల పనండి మాస్టారూ. మళ్ళీ ఎర్రగా పెట్టేస్తాను."

"దేవుడు పెట్టిన ఎరుపు వేరు, నువ్వు పెట్టే ఎరుపు వేరోయ్. నేను సంతకం పెట్టలేను."

తర్వాత మూడు ఆదివారాలు ఆ గట్టు మీదే ఎండాను. మూడో ఆదివారం నాంచారమ్మ గారు జాలిపడి చెప్పింది. "ఇంక రాదు లెండి బాబూ. మీరెళ్ళిన వారం నుంచీ అగుపించట్లేదండి. ఎండలో పడి మీరు నల్లబడ్డం తప్ప!"

గత్యంతరం లేక మాస్టారు ఆ ఫోటోనే పంపారు. నిజాయితీపరుడు కదా, కళ్ళు ఎర్రవేననీ, స్టూడియో కుర్రాడు అలవాటుకొద్దీ నల్లగా దిద్దాడనీ వివరంగా రాశారు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. కళ్ళు మార్చిన మనిషి ఈకలు మార్చలేదని మేమెలా నమ్మేది, అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

మాస్టారు ఆ ఉత్తరం నా చేతిలో పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. "ఏం రాయమంటావోయ్?"

ఆలోచించాను. మా స్టూడియోలో నేను తెల్లబరిచిన పెళ్ళికొడుకులందరూ, సున్నం బకెట్లో మునిగి లేచినట్టు, కళ్ళముందు వరసకట్టారు.

"నేను తెల్లగా చేస్తే ఇంత సహజంగా రాదని రాయండి మాస్టారూ."

ఆయన పెన్ను మూత తీసి, నిజంగా అదే రాశారు. ఇంకా జవాబు రాలేదు.

కాబట్టి చదువరులారా, ఇందుమూలంగా ఈ మౌస్ మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. రెక్కలూ ముక్కూ ఉన్న ఏ ప్రాణి కన్నునీ, అది స్వయంగా స్టూడియోకి వచ్చి అడిగితే తప్ప, ఈ జన్మలో బాగుచెయ్యను. పెళ్ళికొడుకులకి ఈ ప్రమాణం వర్తించదు.