గోళ్ళరంగు వాసన వేసిన కారు

మా చిన్నప్పుడు... ఉప్పల్‌లోని మా ఇంట్లో ఉన్నట్టుండి దువ్వెనలు మాయమవడం మొదలైంది.

ముందు ఆకుపచ్చది పోయింది. తర్వాత నల్లది. అమ్మ పెట్టెల వెనకాల, పరుపుల కింద, చివరికి నా బడిసంచీలో కూడా వెతికింది. ఆ తర్వాత అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న దంతపు రంగు దువ్వెన కూడా పోయేసరికి, ఇక ఇది మామూలు పోవడం కాదని తేల్చేసింది.

డెబ్బైల మొదట్లో మాట ఇది. మా నాయిన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో రంగుల సెక్షన్లో పనిచేసేవాడు. మాకొక పాత నల్ల కారుండేది... మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, చూపు మందగించాక నాయిన చేతిలో పెట్టిన కారు. "బిడ్డనిచ్చిన, కారిచ్చిన. రెంటినీ పైలంగ చూసుకో" అన్నాడట. నవ్వుతూనే అన్నాడు కానీ, వచ్చినప్పుడల్లా ముందు కారు చుట్టూ తిరిగి, ఆ తర్వాతే ఇంట్లోకి వచ్చేవాడు.

ఆ వేసవిలో నాయిన ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అడిగితే "పనుంది" అనేవాడు. చొక్కా నుంచి ఒక తియ్యటి ఘాటు వాసన... అమ్మ ఆ చొక్కా నా ముక్కు దగ్గర పెట్టి "ఇదేం వాసనే?" అంది. నేను వెంటనే చెప్పేశాను... "సుగుణక్క గోళ్ళరంగు!"

సుగుణక్క మా ముందు గదిలో అద్దెకుండేది. నాచారంలోనే ఏదో ఆఫీసులో టైపిస్టు. నాయినను అన్నా అని, అమ్మను వదినా అని పిలిచేది. మా వీధిలో గోళ్ళకు రంగేసుకున్న మనిషి ఆమె ఒక్కతే. పైగా ఒకసారి వాన పడుతుంటే నాయిన ఆమెను కారులో తీసుకొచ్చాడు. ఆ రోజు వేడి చాయ్ పెట్టిచ్చిన అమ్మకే, ఇప్పుడు ఆ వాన కూడా అనుమానంగా కనిపించింది.

మా నాయినమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. పాలు పోసే ఆయన చెంబులోకి, బట్టలు కుట్టే ఆయన కత్తెరలోకి కూడా తొంగిచూసే మనిషి. వత్తులు చేసుకుంటూ మెల్లగా అంది... "వయసు పిల్ల... ఒక్కతే ఉంటది... జర నిగా పెట్టు."

అంతే. అమ్మ సుగుణక్కకు కూర గిన్నె పంపడం మానేసింది. జడ వేయమని ఆమె వస్తే "చేతులు ఖాళీ లేవు" అని లోపలికి వెళ్ళిపోయింది. సుగుణక్క దువ్వెన పట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడింది. అమ్మ ఆ దువ్వెన తనదేనేమో అని తలుపు సందులోంచి చూసింది. కాదు... అది గులాబీ రంగుది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాయిన నిద్రపోతుంటే అమ్మ కారు తాళాలు తీసింది. నన్ను కాపలా పెట్టి, సీట్ల కింద వెతికింది. పొడుగు వెంట్రుక దొరికితే తన జడతో కొలిచి చూసుకుంది. ఆఖరికి ముందున్న అర తెరిచింది. అందులో ఒక చిన్న గాజుసీసా... దాని నిండా ఆ వాసనే. పక్కనే అమ్మ దువ్వెన. పళ్ళన్నీ పోయి, వీపు ఒక్కటే మిగిలింది.

అమ్మ వాటిని తెచ్చి నాయిన మంచం మీద పడేసింది. "ఎవరి సీసా ఇది? నా దువ్వెన గిట్లెట్లయింది? ఏందీ కథ? ఇయ్యాల చెప్పాల్సిందే!"

నాయిన లేచి కూర్చుని, అమ్మ వైపు కాదు... నాయినమ్మ వైపు చూశాడు. నాయినమ్మ గోడ వైపు తిరిగింది.

సంగతేమిటంటే... శివరాత్రికి కీసర జాతర నుంచి నాయినమ్మ రామలింగేశ్వరుడి పటం తెచ్చింది. కారుకు దేవుడు లేకపోతే ఎట్లా అని, ఎవరూ చూడకుండా, దాన్ని తగిలించడానికి స్టీరింగు పక్కనున్న దంతపు రంగు ప్లాస్టిక్ పట్టీలోకి రోకలితో మేకు దిగ్గొట్టింది! పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలింది. ఆ పటమే పగులును కప్పేసింది కాబట్టి అమ్మ కంట పడలేదు. తాతకు తెలిస్తే నాయినకు మాట వస్తుంది, అమ్మకు తెలిస్తే నాయినమ్మకు మాట వస్తుంది... అందుకని తల్లీకొడుకులిద్దరూ నోరు మూసుకున్నారు. అలాంటి పట్టీ ఎక్కడా దొరకలేదు. దువ్వెన పళ్ళు గీకి, రంగులు కరిగించే అసిటోన్‌లో నానబెడితే పాకంలా అవుతుందని, దానితో పగులు పూడ్చవచ్చని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. రోజూ పనయ్యాక అక్కడే ఉండి అదే పని చేశాడు. ఆకుపచ్చది కరగలేదు. నల్లది కరిగింది గానీ రంగు కుదరలేదు. అమ్మ దువ్వెన మాత్రం అచ్చంగా సరిపోయింది.

గోళ్ళరంగు తుడిచేది కూడా ఆ అసిటోన్‌తోనేనట...

అమ్మ నవ్వింది. నవ్వుతూనే నాయినమ్మ వైపు తిరిగి, "అత్తమ్మా, అంతా తెలిసి కూడ ఆ పిల్ల మీద నాకు చెప్ప నీకెట్ల బుద్ధయింది?" అంది. నాయినమ్మ వత్తులు ముందేసుకుంది. నాకు ఆ రోజు నాయినమ్మ మీద మొదటిసారి అసహ్యం వేసింది.

సాయంత్రం అమ్మ కూర గిన్నె పట్టుకుని ముందు గదికి వెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. చొక్కా వాసన నుంచి దువ్వెన దాకా అమ్మ అంతా చెప్పింది. సుగుణక్క గిన్నె అందుకుంది. గూట్లోంచి ఒక చిన్న సీసా తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అందులో రంగు ఎండి, గట్టిపడి, అడుగున అతుక్కుపోయి ఉంది.

"ఇది ఎండిపోయి మస్తు రోజులైంది వదినా... నా చేతులు ఒక్కసారన్న చూసినవా?"

అప్పుడు చూశాం. ఆమె గోళ్ళకు రంగే లేదు.

నెల తిరిగేలోపు సుగుణక్క చిల్కానగర్‌లో వేరే గది చూసుకుని వెళ్ళిపోయింది. గిన్నె కడిగి, బోర్లించి, మా గడప మీద పెట్టి వెళ్ళింది. తాత వచ్చి, కారు చుట్టూ తిరిగి, లోపల కూర్చుని, పట్టీ మీద చెయ్యి వేసి నిమిరి, పటానికి దండం పెట్టుకున్నాడు. పగులు ఆయన చేతికి తగల్లేదు.

ఇప్పుడు అనుమానమొస్తే ఫోన్లు తిరగేస్తున్నారు... మా అమ్మ చొక్కా వాసన చూసింది, సీట్ల కింద వెతికింది, వెంట్రుకలు కొలిచింది. ఎదురుగా ఉన్న మనిషి చేతులు మాత్రం చూడలేదు. మీ ఇంట్లో కూడా ఊరికే అనుమానపడి పోగొట్టుకున్న సుగుణక్క ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద వాళ్ళ గురించి నాలుగు మాటలు రాయండి... చిల్కానగర్ నుంచి ఎటు వెళ్ళిందో, మా సుగుణక్క ఎక్కడుందో మాకు ఇప్పటికీ తెలియదు.