బ్రేకు పట్టని కారు, నా మాట నమ్మిన మేస్త్రి

సోమవారం పొద్దున ఆసుపత్రిలో ఒక బాలింతను చూస్తున్నాను. మోటారు బండ్లు బాగుచేసే మేస్త్రి బామ్మర్ది గుమ్మంలో నిలబడి, "మేస్త్రి పోయిండమ్మా" అన్నాడు. "ఎటు పోయిండు?" అని అడిగాను. అతను భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు అద్దుకున్నాడు. అప్పటికి గాని అర్థం కాలేదు. చేతిలోని స్టెతస్కోపు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు. మేస్త్రి పొద్దున్నే తన షెడ్డు తలుపులు తీసి, చాయ్ తెమ్మని చెప్పి బల్ల మీద కూర్చున్నాడట. చాయ్ వచ్చేసరికి మనిషి లేడు.

మెట్‌పల్లిలో మోటారు బండి నడిపిన మీ అందరికీ ఆయన తెలుసు. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి, నిజాం కాలంలో బస్సుల షెడ్డులో పని నేర్చాడు. ఇంజను విప్పాక ఎవరైనా చేతులు కడుక్కుంటారు. ఆయన విప్పే ముందు కూడా కడుక్కునేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా అన్న తన పాత స్పోర్ట్స్ కారు నాకిచ్చాడు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. పల్లెల్లో పురుళ్లకు అందులోనే వెళ్లేదాన్ని. ఒకరోజు జగిత్యాల నుంచి వస్తూ వాగు దిగుడులో బ్రేకు తొక్కితే కాలు అడుగుదాకా పోయింది. ఎదురుగా పత్తిబండ్లు. పక్క పొలంలోకి తిప్పి బతికాను. చెమటలు ఆరేదాకా కూర్చుని మళ్లీ తొక్కితే బ్రేకు రాయిలా గట్టిగా ఉంది.

ఇలా మూడుసార్లయింది. ఇద్దరు మెకానిక్కులు చూసి ఏమీ లేదన్నారు. ఆడమనిషికి ఈ బండి ఎందుకని వాళ్లలో ఒకాయన మా అన్నకు జాబు కూడా రాశాడు. నేనే సరిగా తొక్కడం లేదేమోనని నాకూ అనుమానం పట్టుకుంది.

చివరికి షెడ్డుకు తీసుకెళ్తే, మేస్త్రి తొక్కి చూసినా బ్రేకు బాగానే ఉంది. ఆయన బండిని వదిలి నన్ను అడగసాగాడు.

"ఎప్పుడైతది? పొద్దుగాలనా, ఎండపూటనా? ఎంత దూరం పోయినంక?"

"మీకు సుత ఏం దొరకలేదా?"

"నాకు దొరకలేదంటే లేదన్నట్టు కాదు డాక్టరమ్మా. నువ్వు అబద్ధమెందుకు చెప్తవు? పా, పోదాం."

మండుటెండలో నా పక్కన కూర్చున్నాడు. కోరుట్ల దాటి చాలా దూరం పోయాక పెడలు మెత్తబడింది. "పోయింది!" అని అరిచాను.

"పరేషాన్ గాకు. గేరు తగ్గియ్యి. చేతి బ్రేకు మెల్లగ గుంజు" అన్నాడు, గొంతు ఏమాత్రం పెంచకుండా.

బండి ఆగగానే, చల్లారనివ్వకుండా రోడ్డు మీదే పడుకుని కిందికి దూరాడు. కాసేపటికి నవ్వు వినిపించింది.

"దొరికింది! పొగగొట్టం ఎవరో కొత్తది ఏసిండ్రు. బ్రేకు నూనె డబ్బకు ఆనుకొని పోతాంది. దూరం పోతే నూనె మరిగి ఆవిరైతది. ఇగ బ్రేకేం పడుతది? చల్లారినంక మళ్ల సక్కగైతది."

గొట్టం పక్కకు జరిపి, మధ్యన రేకు అడ్డం పెట్టి, నూనె మార్చాడు. మళ్లీ ఒక్కసారీ బ్రేకు తప్పలేదు. షెడ్డులో ఉన్న లారీ డ్రైవర్లందరికీ వినబడేలా, "డాక్టరమ్మ తొక్కుడు మంచిగనే ఉన్నది, తప్పు బండిది" అన్నాడు. ఇంటికి వెళ్లి ఏడ్చాను.

పది రోజుల కింద ఆయన నా ఆసుపత్రికి వచ్చాడు. "ఛాతీల జర పట్టినట్టైతాంది, మళ్ల పోతాంది" అన్నాడు. నాడి చూశాను, గుండె విన్నాను. తేడా ఏమీ కనిపించలేదు. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు. "ఏం లేదు మేస్త్రీ, ఫికర్ చేయకుండ్రి" అన్నాను. ఎప్పుడు వస్తుందో, ఏం పని చేస్తుంటే వస్తుందో అడగలేదు. ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన పోయిన రోజే వాళ్లింటికి వెళ్లి ఈ సంగతి ఆయన భార్యకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె నన్ను తిట్టలేదు. నా చేయి పట్టుకుని, "నాకు సుత చెప్పలేదమ్మా" అన్నది.

మగవాళ్లు దహనం ముగించి తిరిగొచ్చాక షెడ్డు మీదుగా ఇంటికి నడిచాను. లోపల ఎవరిదో జీపు చక్రాలు నాలుగూ విప్పి, చెక్క దిమ్మెల మీద ఎత్తి ఉంది. నట్లు ఉతికిన గుడ్డ మీద వరసగా పేర్చి ఉన్నాయి. జీపు యజమాని తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు, వెళ్లిపోనూ లేదు.