కొక్కెర తట్టుకున్న పుంజు

ఆ ఎండాకాలం కొక్కెర రోగం వచ్చేనాటికి నా దొడ్లో నూరు కోళ్లుండేవి. నూరన్నది నా నోటి దురద. సాయంత్రమైతే అన్నింటినీ రెండు గంపల కింద మూసేవాణ్ణి. యాభైల నాటి మాట. వేంపల్లెకు ఆవల, చేని గట్టున కొట్టం వేసుకుని ఒక్కడినే ఉండేవాణ్ణి. నా భార్య తొలి కాన్పులోనే పోయింది. పలకరించాలంటే కోళ్లే గతి.

అవీ మెడలు మెలికలు తిరిగి, పచ్చగా పారుకుని పోయాయి. ఒక ఎర్రపుంజు, మూడు పెట్టలు మిగిలాయి. ఆ పుంజు మేకపోతంత ఉండేది. సరే, అంత లేదు. ఊళ్లో దానంతది మాత్రం లేదు. అప్పుడు తట్టింది నాకు. మా వైపు చుట్టం వచ్చినా, అమ్మవారికి మొక్కినా కోసేది బాగా పెరిగిన పుంజునే. పెట్టలకు మిగిలేది బక్కది. అందుకే ఏటేటా పిల్లలు చిన్నవై, రోగమొస్తే రాలిపోతున్నాయి. తట్టుకున్న వీటి పిల్లల్లోనే బాగా పెరిగినవాటిని ఏరుకుంటూ పోవాలనుకున్నాను.

ఇంకా గుడ్లు పొదగేయకముందే అక్క వచ్చింది. ఊళ్లోంచి నన్ను చూడవచ్చేది ఆమె ఒక్కతే, సంకటి ముద్ద పట్టుకుని.

“పుంజు బతికితే పెద్దమ్మ తల్లికి ఇస్తానని మొక్కినా. పట్టియ్యి.”

“ఇది వద్దక్కా. సంతలో ఇంకోటి తెచ్చిస్తా.”

“బతికిచ్చింది ఆయమ్మ. సంతదాన్ని ఇస్తే ఆమెకు కండ్లు లేవా?”

“దీన్ని కోస్తే మంచి పిల్లలు యాడ నుంచి వస్తాయి?”

“ఏమిరా, కోళ్లకు సంబంధాలు చూస్తాండావా? నీకు చూస్తే వద్దంటివే!”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ముద్ద అక్కడ పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

పెరగని పిల్లలను సంతకు పంపుతూ, పెరిగినవాటిని ఉంచుకుంటూ వచ్చాను. కొక్కెర మళ్లీ వచ్చింది. నావి ఒక్కటీ చావలేదు. చచ్చాయి లెండి, సగం. అయినా ఊళ్లో గంపలన్నీ ఖాళీ అయితే నా దొడ్లో తెల్లవారుజామున కూత వినపడేది. ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేక పుంజుకే చెప్పాను.

ఒకనాడు బావ వచ్చి కంచె దగ్గరే నిలబడ్డాడు. “పొదగేసేదానికి గుడ్లు అడిగి తెమ్మనింది మీ అక్క.”

ఎర్రపుంజు కూతుళ్ల గుడ్లు ఏరి, బుట్టలో ఊక పోసి సర్దిచ్చాను. “మంచి పుంజు పుడితే ఈసారన్నా మొక్కొద్దని చెప్పు బావా.”

“ఆ మాట నువ్వే వచ్చి చెప్పుకోప్పా. దావ మర్చిపోయినావా?”

మరునాడే పోయానని రాయాలనుంది. పోలేదు. నేను పోతే సాయంత్రం గంపలు ఎవరు మూస్తారని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. అక్క ఇంట్లో గుడ్లు పగిలి పిల్లలు లేచి ఉంటాయనుకున్న రోజు మాత్రం, కొట్టం బయట నిలబడి ఊరివైపు చాలాసేపు చూశాను.