తాళం దగ్గర లోపం

అతన్ని అందరూ మీటరన్న అనేవారు. చొక్కా జేబులో కరెంటు చూసే పసుపుపచ్చ మీటరు లేకుండా అతన్ని చూసినవాళ్ళు అరుదు. "దాన్నే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారు?" అని పెళ్ళాం దెప్పేది. కార్ల వైరింగులో ముప్పై ఏళ్ళు నలిగిన మనిషి. ఎవరెంత తొందరపెట్టినా, మీటరు ఆనించి చూడనిదే ఫలానాది పోయిందని నోరు జారేవాడు కాదు.

షెడ్డు మాత్రం తమ్ముడిది. బేరాలూ నవ్వులూ తమ్ముడి వంతు, కారు కింద వెల్లకిలా పడుకోవడం అన్న వంతు. షెడ్డుకొచ్చిన ప్రతి కారుకీ రాసే జాబ్ కార్డులో "కారణం" అని ఒక గడి ఉండేది. దాన్ని అన్నే నింపి సంతకం పెట్టాలి. ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి అంబులెన్సు డ్రైవర్ల దాకా, ఆ గడిలో రాసినదానికి తిరుగు లేదనేవారు. సొంత ఇల్లు లేదు, సొంత షెడ్డు లేదు. అతను సంపాదించుకున్నది ఆ గడి ఒక్కటే.

ఒకరోజు పొద్దున్నే ఆసుపత్రి హెడ్ నర్సు కారుని నలుగురి చేత తోయించుకుంటూ షెడ్డుకొచ్చింది. మూడు వారాల కిందట ఆ కారుకి తమ్ముడే రిమోట్ స్టార్టర్ బిగించాడు. అదుంటే ఇంట్లోంచే బటన్ నొక్కి ఇంజన్ స్టార్ట్ చేసుకోవచ్చు. బండి కదలాలంటే మాత్రం తాళం తిప్పాల్సిందే.

"రిమోట్ నొక్కితే బుద్ధిగా స్టార్టవుతుంది. నేనెక్కి తాళం తిప్పితే మాత్రం ఒక్కోసారి ఉలకదు, పలకదు. నా మొహం నచ్చలేదో ఏమిటో!" అంది ఆవిడ. "దీని ధర్మమా అని రెండుసార్లు డ్యూటీకి ఆలస్యం. రెండు మెమోలు."

తమ్ముడు కౌంటరు దగ్గర్నుంచే అడిగాడు. "మేడమ్, ఈమధ్య డూప్లికేట్ తాళం ఏమైనా చేయించారా?"

"చేయించకేం? రెండో తాళం డాష్‌బోర్డు లోపలే ఉండాలని మీరే తీసేసుకున్నారుగా. మా గేటు పక్కన కూర్చుంటాడే, ఆయన దగ్గర ఇంకోటి చేయించాను."

"ఇంకేం, దొరికింది జబ్బు!" అన్నాడు తమ్ముడు.

"నాకూ అదే అనుమానం. సెక్యూరిటీ ఆఫీసరుకి చెప్పే వచ్చాను. కార్డు మీద రాసివ్వండి, ఇవాళే ఆ తాళాలాయన్ని గేటు దగ్గర్నుంచి లేపిస్తాను."

 గేటు దగ్గర తాళాలు చేసే అతనూ మీటరన్నా ఇరవై ఏళ్ళుగా ఒక టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవారు. ఎంతటి తాళమైనా తెరుస్తాడని ఇతను "దొంగబావ" అనేవాడు. "నీకంటే నయంలే, షాకుబావా" అని అతను అంటించేవాడు. ఆ గేటు పక్కన బల్లా, దానిమీద తాళాలు కోసే మిషనూ తప్ప అతనికి వేరే బతుకుతెరువు లేదు.

నర్సు రెండు తాళాలూ ఇచ్చి డ్యూటీకి వెళ్ళాక మీటరన్న పనిలోకి దిగాడు. బ్యాటరీ చూశాడు, నిక్షేపంలా ఉంది. డూప్లికేట్ పెట్టి తిప్పాడు, స్టార్టవలేదు. కారుతోపాటు కంపెనీవాళ్ళిచ్చిన అసలు తాళం పెట్టి తిప్పాడు. అదీ అంతే. డాష్‌బోర్డు మీద తాళం గుర్తున్న ఎర్రలైటు మిణుకుమిణుకుమంటోంది. అసలుదాన్నే కారు గుర్తుపట్టనప్పుడు నకలుని తిట్టి ఏం లాభం?

స్టీరింగ్ కింద మూత విప్పి, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని లోపలికి దూరాడు. ఈ కాలపు తాళాల్లో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్ట, నీ నంబరెంతని దాన్ని అడుగుతుంది. సరిగ్గా చెబితేనే ఇంజన్. రిమోట్ నొక్కినప్పుడు తాళం ఉండదు కనక, జవాబు చెప్పడానికి లోపల ఒక తాళాన్ని దాస్తారు. అది రిమోట్ నొక్కినప్పుడే మేల్కోవాలి. తమ్ముడు తొందరలో దాని తీగని వేరేచోట కలిపాడు. చేత్తో తాళం తిప్పినా లోపలిదీ మేల్కొంటోంది. హాజరు పిలిస్తే ఒకే నంబరుకి ఇద్దరు పిల్లలు పలికినట్టు, రెండు చిప్‌లూ ఒక్కసారే అరుస్తున్నాయి. చుట్టకి ఏదీ అర్థం కావడం లేదు.

ఆ తీగ ఊడదీసి, అసలు తాళంతో పదిసార్లు, డూప్లికేట్‌తో పదిసార్లు తిప్పాడు. ఇరవైకి ఇరవైసార్లూ స్టార్టయింది.

"తప్పు మనదేరా" అన్నాడు బయటికొచ్చి. "డూప్లికేట్ బంగారంలా ఉంది."

తమ్ముడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మెల్లిగా అన్నా! ఆ ఆసుపత్రిలోనే నలభై కార్లకి బిగించాను. ఈ ముక్క బయటపడితే నలభై మందీ రేపు నా పీక మీద కూర్చుంటారు. గుట్టుగా సరిచేసెయ్. కార్డులో తాళం అని రాసి పడెయ్."

"అబద్ధం రాయమంటావా?"

"నిన్నెవడు అబద్ధం రాయమన్నాడు? నిజం కొంచెం తగ్గించి రాయి. వదిన, పిల్లలు ఈ షెడ్డు మీదేగా బతుకుతున్నారు!"

 మీటరన్న తీగని సరైనచోట కలిపి, అతుకు వేసి, మూత బిగించాడు. కార్డు ముందు చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి "తాళం దగ్గర లోపం. సరిచేశాను" అని రాసి సంతకం పెట్టాడు. తీగచుట్ట తాళం దగ్గరే కదా ఉంటుంది! అబద్ధం కాదు, తమ్ముడి మాటా పోలేదు, బావ మీద నిందా వేయలేదు. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు గేటు పక్కన బల్ల లేదు. పదింటికి తాళాల బావ షెడ్డుకొచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో ఆ కార్డు ఫోటో.

"ఇది నీ రాతేనా?"

"తాళం లోపమని నేను రాయలేదు బావా. తాళం దగ్గర అని రాశాను. సరిగ్గా చూడు."

"చూశాను. సెక్యూరిటీ ఆఫీసరూ చూశాడు. దగ్గరంటే ఎక్కడ? పక్కింట్లోనా?"

"ఇగ్నిషన్ చుట్టూ ఉంటుందే, ఆ తీగచుట్ట దగ్గర..."

"ఆ ముక్కే రాయకపోయావా? గడిలో చోటు చాల్లేదా?"

 తాళాల బావ ఫోను జేబులో పెట్టుకుని, "నా తాళం పనిచేస్తుందని నువ్వు తిప్పి చూశావుగా, నాకది చాలు" అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే మీటరన్న ఆసుపత్రికి వెళ్ళి, వరండాలో నర్సుని పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తమ్ముడి పేరుతో సహా చెప్పాడు. ఆవిడ అంతా విని నిట్టూర్చింది.

"మీ స్నేహం నాకు తెలుసు. ఆయనొచ్చి మీ దగ్గర ఏడ్చుంటాడు, మీ మనసు కరిగింది. కానీ నిన్న మీటరు పెట్టి చూసి రాసిన మాట నమ్మాలా, ఇవాళ జాలిపడి చెబుతున్న మాట నమ్మాలా?"

"కావాలంటే ఆ తీగ పాత చోటే కలిపి మీ కళ్ళముందే చూపిస్తానమ్మా."

"బాగుపడ్డ కారుని మళ్ళీ పాడుచేసి చూపిస్తారా? మీకో దండం. నన్ను వదిలెయ్యండి."

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం తమ్ముడు ఆటోలోంచి పాత దుప్పటి చుట్టిన బరువైన సామాను దింపించాడు. తాళాలు కోసే మిషను.

"గేటు దగ్గర జాగా మనకే ఇచ్చారన్నా! నీ సంతకం చూసే ఇచ్చామన్నారు. ఆ పనీ నీకు వచ్చుగా, ఇక నీడపట్టున కూర్చోవచ్చు."

"ఆయన... మిషను అమ్మేటప్పుడు ఏమైనా అన్నాడా?"

"ఏమంటాడు? బ్లేడు మొద్దుబారింది, కొత్తది వేసుకోమని మీ అన్నకి చెప్పు అన్నాడు."

మీటరన్న దుప్పటి తీసి, బ్లేడు విప్పి బొటనవేలితో తడిమి చూశాడు. మొద్దుబారే ఉంది. కొత్తది తెప్పించి బిగించాడు. సోమవారం నుంచి గేటు దగ్గర అతనే కూర్చున్నాడు.