పాయిదాను మీద అయిదుగురం

ఆ రోజుల్లో బస్సు నిండిందనే మాట నేను ఎవరి నోటా వినలేదు. కూర్చోవటానికి చోటు లేకపోతే నిలబడటానికి ఉండేది, నిలబడటానికి లేకపోతే వేలాడటానికి ఉండేది, అదీ లేకపోతే పైన మూటల మీద ఉండేది. యుద్ధం జరుగుతున్న కాలం కనుక పెట్రోలు దొరకక, బస్సు వెనక ఒక ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గులు మండించి, ఆ బొగ్గు గ్యాసుతో నడిపేవాళ్లు. (నడిపేవాళ్లని మర్యాదకు అంటున్నాను. ఎత్తు వచ్చిన చోటల్లా ప్రయాణికులం దిగి తోసేవాళ్లం.) పొద్దున చేవెళ్లలో బయలుదేరి మొయినాబాద్ మీదుగా పట్నం చేరే బస్సు అదొక్కటే. శని, ఆదివారాలు ఇంట్లో గడిపి, సోమవారం మళ్లీ యూనివర్సిటీకి పోవటానికి మా చుట్టుపక్కల ఊళ్ల విద్యార్థులం అయిదుగురం దాన్నే నమ్ముకున్నాం. మేం వచ్చేసరికి లోపల వంకాయ గంపలూ, వాటి మనుషులూ సర్దుకొని ఉండేవాళ్లు. మాకు మిగిలేది పాయిదాను, అంటే బస్సు పక్కన పొడుగునా ఉండే మెట్టు పలక. నల్ల షేర్వానీ గుండీలన్నీ పెట్టుకొని, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకొని, రెండో చేయి ఊరికే వదిలేసి నిలబడటం చదువుకున్నవాడి లక్షణమని మేం నిర్ణయించుకున్నాం. రెండు చేతులతో పట్టుకున్నవాణ్ణి మెట్రిక్ ఫెయిలైనవాడిలా చూసేవాళ్లం.

మాలో ఒకడు ఫార్సీ చదివేవాడు. వాణ్ణి ఫార్సీ అనే పిలిచేవాళ్లం. ఒక సోమవారం వాడు రెండో చేయి కూడా వదిలి ఏదో కవిత్వం చదవబోయి వరిమడిలో పడ్డాడు. ముందు పన్ను ఒకటి పోయింది. ఆ వార్త మా ఊరు ముడిమ్యాలలో మా అవ్వ, అంటే మా నాయన తల్లి, దాకా వచ్చింది. నా చిన్నప్పుడే నాయన పోతే నన్ను పెంచింది ఆమే.

"నువ్వు యాడ నిలవడ్తవురా?" అని అడిగింది.

"నేను లోపల కూసుంట అవ్వ" అన్నాను.

"కూసో మరి" అని ఊరుకుంది. నమ్మిందనుకున్నాను.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం మాకు సాలు పరీక్ష, అంటే ఏడాది చివరి పరీక్ష. ఎప్పటిలాగే చివరి నిమిషంలో చేవెళ్ల చేరి, పాయిదాను మీదికి ఎగిరి, కిటికీ ఊచ అందుకున్నాను. ఊచ అవతల మా అవ్వ కూర్చొని ఉన్నది. నాకన్నా ముందే ఇల్లు వదిలి వచ్చిందన్నమాట. మొయినాబాద్‌లో ఆమె తమ్ముడుంటే, అతని పశువులకోసం పేనిన కొత్త జనప తాళ్ల చుట్ట ఒడిలో పెట్టుకొని పోతున్నది. నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. కోప్పడనూ లేదు.

"లోపలికి రా. నా ఒళ్లె కూసో" అన్నది.

బస్సు మొత్తం విన్నది. నాకప్పుడు ఇరవై ఏళ్లు, మీసం కూడా ఉంది. రానన్నాను. అవ్వ లేచి డ్రైవరును పిలిచింది.

"జాగ లేనప్పుడు గీ పోరగాళ్లను ఎందుకెక్కించినవ్?"

"నేను ఎక్కించలె అవ్వ, ఆల్లే ఎక్కిండ్రు" అన్నాడు డ్రైవరు.

"అయితె దించు."

"దించితె ఇయ్యాల పరీక్ష పోతది. గీ బస్సు దప్ప ఇంకోటి లేదు."

అవ్వ కాసేపు ఆలోచించింది. తర్వాత తాళ్ల చుట్ట విప్పి, కిటికీ ఊచల మధ్యనుంచి ఒక తాడు బయటికి తీసి, నా నడుముకు చుట్టి, రెండో కొస లోపల ఊచకు కట్టింది. ఆమె పుట్టింట్లో ఒక పొగరుమోతు ఎద్దుకోసం వాళ్ల నాయన కనిపెట్టిన ముడి అది. లాగినకొద్దీ బిగుస్తుంది. తర్వాత పక్క కిటికీల దగ్గరికి జరిగి, "మీరు గూడ తల్లికి బిడ్డలే గదరా" అంటూ మిగిలిన నలుగురినీ కట్టింది. కళ్లు మూసుకొని చిన్న ప్రార్థన చేసి, "ఆమెన్" అని, "ఇగ పోనియ్యి" అన్నది. వంకాయ గంపల మనుషులు కూడా ఆమెన్ అన్నారు.

మొయినాబాద్ దాకా మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అక్కడ బస్సు ఆగాక, తలుపు దగ్గర నిలబడ్డ పట్నం పెద్దమనిషి ఒకాయన, మా తాళ్లవైపు చూస్తూ, "ఆ ముసలామె నీకేమైతది?" అని నన్నడిగాడు.

"మా ఊరామె" అన్నాను.

(ఆదివారం బడిలో, తన గురువును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు కథను నాచేత అప్పజెప్పించి, శభాష్ అన్నది కూడా ఆ ఊరామే.) అవ్వ అప్పటికే దిగి, తమ్ముడితో మాట్లాడుతూ పోతున్నది. "అవ్వను పిలువురా, ముడి ఇప్పుమను" అని ఫార్సీ గొణిగాడు. ఊరామె అన్న నోటితోనే, ఆ పెద్దమనిషి ముందరే, అవ్వా అని ఎట్లా పిలుస్తాను? బస్సు కదిలింది.

మొయినాబాద్ దాటాక ఒక చెరువు పక్కన పెద్ద ఎత్తు ఉన్నది. ఎడమవైపు, అంటే మేం వేలాడుతున్న వైపు, రాళ్లు పరిచిన వాలు, కుడివైపు కాలువ. బస్సు సగం ఎక్కి ఆగింది. క్లీనరు దిగి చక్రం వెనక రాయి పెట్టాడు. రాయి జారింది. బస్సు వెనక్కి నడవటం మొదలుపెట్టింది. (అంత వేగంగా అది ముందుకు పోయిన రోజు నాకు గుర్తు లేదు.) "దుంకుండ్రి, దుంకుండ్రి" అని ఎవరో అరిచారు. నేను దూకాను. ధైర్యంగా తాడుకు కట్టుబడి నిలబడ్డానని తర్వాత చాలామందికి చెప్పాను గానీ, నిజానికి దూకాను. మూరెడు దూరం పోయి వెనక్కి వచ్చాను. పక్కన ఫార్సీ కూడా పోయి వచ్చాడు. తలుపు దగ్గరి పెద్దమనిషికి అడ్డం ఏమీ లేదు కనుక రాళ్ల మీదికి పోయాడు. డ్రైవరు పళ్లు బిగించి చక్రం తిప్పితే, బస్సు వెనకభాగం కుడివైపు కాలువ గట్టుకు కొట్టుకొని, పక్కకు ఒరిగి ఆగింది. మా వైపు పైకి లేచింది. అయిదుగురం బస్సు పక్క మీద, ఎండలో ఆరేసిన చేపల్లా, ఆకాశం చూస్తూ పడుకున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. కింద పెద్దమనిషి విరిగిన చేయి పట్టుకొని కూర్చున్నాడు. ఆయన కూర్చున్న రాళ్లవైపు మేం చాలాసేపు చూశాం.

ముడి మాత్రం ఎవరికీ రాలేదు. డ్రైవరు ప్రయత్నించాడు, క్లీనరు పళ్లతో ప్రయత్నించాడు. చివరికి వంకాయలామె కత్తిపీటలాంటిది తీసి, ఊచ దగ్గర తాళ్లు కోసింది గానీ, నడుము దగ్గర కోయనన్నది. "పరీక్షకు పొయ్యేటోల్ల కడుపుకాడ కత్తి పెడ్తరా? నాతోని గాదు." పెద్దమనిషిని దవాఖానకు తీసుకుపోతున్న బండిలో కొంతదూరం, టాంగాలో కొంతదూరం పోయి, అరగంట ఆలస్యంగా పరీక్ష హాలు చేరాం. అయిదు షేర్వానీలకు అయిదు జనప తాళ్లు తోకల్లా వేలాడుతున్నాయి. హాలు తలుపు దగ్గర కాపలా ఉన్న ప్రొఫెసరు ఒక తోక చేత్తో పట్టుకొని చూసి, ఇది ఎవరు కట్టారని ఉర్దూలో అడిగాడు.

"మా దాదీ, జనాబ్" అన్నాను. నానమ్మ అని ఒప్పుకోవటానికి నాకు ఇరవై మైళ్లు పట్టింది.

ఆయన ముడిని అటూ ఇటూ తిప్పి చూసి, "గట్టి ముడి. లోపలికి వెళ్లండి" అన్నాడు.

శనివారం ఇంటికి పోయేసరికి వార్త నాకన్నా ముందే చేరింది. అవ్వ నన్ను తలనుంచి కాళ్ల దాకా తడిమి చూసి, తర్వాత అన్నం పెట్టింది. తింటూ తింటూ, మొయినాబాద్‌లో ఊరామె అన్న సంగతి చెప్పేశాను. అవ్వ పులుసు పోస్తూ విన్నది.

"గంతేనా? మా తమ్ముడు గూడ అడిగిండు, గా కట్టేసినోల్లు ఎవలక్కా అని. నాకెరుక లేదన్న" అన్నది. "నల్ల కోటేసుకొని, మీసం బెట్టుకొని, ఎద్దు లెక్క తలుగు కట్టిచ్చుకున్నోడు నా మనుమడని ఎట్ల జెప్పుకోను బిడ్డ?"

ఆ పరీక్షలో ఏం రాశానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. తర్వాతి సోమవారం మాత్రం బాగా గుర్తుంది. అవ్వ నన్ను గంట ముందు లేపి పంపించింది. మిగతా నలుగురి ఇళ్లకూ కబురు చేసింది. చేవెళ్లలో బస్సు ఖాళీగా ఉన్నది. అయిదుగురం లోపలికి పోయి, తలా ఒక కిటికీ దగ్గర కూర్చున్నాం. గంట ముందు వస్తే చోటు దొరుకుతుందన్న ఉపాయం, ఎంతో చదువుకుంటున్న మా అయిదుగురిలో ఒక్కడికైనా రెండేళ్లుగా తట్టలేదు. ఇప్పుడు ఏ బస్సు తలుపు దగ్గర వేలాడే పిల్లవాణ్ణి చూసినా మందలించబోయి ఆగిపోతాను. ఆ వయసులో, ఒక చేయి వదిలి, గాలికి ఎదురుగా నిలబడితే, తలకాయలోకి గాలి తప్ప ఇంకేదీ పోదని నాకు బాగా తెలుసు.