పసుపన్నం కొస

ఇండోనేషియాలోని ఇంద్రమాయు పల్లెల్లో శుభం జరిగితే పసుపన్నాన్ని గోపురంలా పేర్చి, కొస కోసి, ముందుగా ఇంటికి మేలు చేసినవాళ్లకి పెడతారు. వార్సినా గల్ఫ్ నుంచి ప్రాణాలతో వచ్చిన వారానికి వాళ్లమ్మ ఆ వంటే చేసింది. ఊరిపెద్ద కార్సన్ అందరికంటే ముందొచ్చి చాప మధ్యలో కూర్చున్నాడు. గల్ఫ్‌కి పంపే ఏజెంటు కోసం వార్సినా పేరూ వయసూ మార్చి కాగితాలు రాసిచ్చిన పుణ్యాత్ముడు ఆయనే. సిగ్గులేని మనిషికి ఆకలెక్కువ.

అక్కడ ఇంటిపనికి కుదిరిన చోట యజమానురాలు వార్సినా పాస్‌పోర్టు, ఫోను లాక్కుంది. ఏడు నెలలు గడప దాటనివ్వలేదు. ఒకరోజు ఎవడో వచ్చి ఆమెను ఎగాదిగా చూసి, "శుక్రవారం తీసుకెళ్తా" అన్నాడు. తనను అమ్మేశారని వార్సినాకి అర్థమైంది.

నమాజుకి వేసుకునే తెల్లబట్టల్ని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ముట్టలేదు. వాటి అంచులో తమ దేశపు రాయబార కార్యాలయం నంబరుంది. ప్రయాణానికి ముందు శిక్షణలో తెల్లదారంతో కుట్టించారు, తడిమితేనే తెలుస్తుంది. "తప్పిపోవడానికి నేనేమైనా మేకపిల్లనా?" అని అప్పట్లో వార్సినా నవ్వింది. ఇప్పుడు ఇంటివాళ్లు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, వేళ్లతో అంకెలు తడుముతూ హాల్లో ఫోను కలిపింది.

"నీ పేరేంటమ్మా?" అవతల హార్దిని అనే అధికారిణి.

"కాగితంలోదా అక్కా, అమ్మ పెట్టిందా?"

"అమ్మ పెట్టిందే చెప్పు. కాగితం సంగతి నేను చూసుకుంటా."

పరాయి దేశంలో ఒకరింట్లో కాలుపెట్టే హక్కు రాయబారులకి లేదు. అందుకని హార్దిని ఆ దేశపు విదేశాంగ శాఖలో రెండురోజులు కదలకుండా కూర్చుని, ఉత్తర్వు చేతికొచ్చాకే లేచింది. గురువారం సాయంత్రం పోలీసులతో తలుపు తట్టింది. ఆ తల్లి రుణం ఏ జన్మకి తీరుతుంది!

ఇప్పుడు కార్సన్ పళ్లెం ముందుకి జరిపాడు. "కొస ఇటెయ్యి తల్లీ."

"ఇది మీది కాదు బాబాయ్," అంటూ వార్సినా ఫోన్లో హార్దినికి వీడియో కలిపింది. "అక్కా, ఇది నీదే!"

హార్దిని కళ్లు తుడుచుకుని నవ్వింది. "అంతదూరం నా చెయ్యి రాదే. ఈసారి విమానం ఎక్కబోయే పిల్లెవరైనా ఉంటే పెట్టు."

పక్కింటి తస్మి వచ్చే నెల వెళ్తోంది. వార్సినా ఆ పిల్ల నోట్లో ముద్ద పెట్టి అడిగింది. "నీ వయసెంతే?"

తస్మి కార్సన్ వైపు చూసింది. "కాగితంలోదా అక్కా, అమ్మ లెక్కా?"

చాపమీద అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఫోను ఆ పిల్లకివ్వు," అంది హార్దిని.